ఒకే అర్ర, మూడు తలుపులు

టిక్‌మని చిన్న చప్పుడైంది. చందుర్తిలో నేను పాఠాలు చెప్పే బడిలో, సైన్సు గది కిటికీ పక్కన పాత పేపరు మీద ఆరబెట్టిన మొక్కల్లోంచి వచ్చిందా చప్పుడు. ఆ వెంటనే ఆవగింజంత గింజ ఒకటి నా చేతి మీద పడి, దిద్దుతున్న జవాబు పత్రం మీదికి జారింది. లేచి చూశాను. రత్నపురుష మొక్కకున్న ఎండిన కాయ ఒకటి మూడు పాయలుగా విచ్చుకుంది. ఒక్కో పాయ చిన్న పడవలా ఉంది, అంచులు దగ్గరికి ముడుచుకుంటూ లోపలి గింజలను ఒక్కొక్కటే బయటికి నెడుతోంది. పిల్లలు చూస్తే కేరింతలు కొడతారు. నాకు మాత్రం ఆ చప్పుడు వింటే ఎక్కడ లేని నిశ్చింత కలుగుతుంది, ఒక్కోసారి కళ్లలో నీళ్లు కూడా తిరుగుతాయి. అదెందుకో చెప్పాలంటే మా నస్రీన్ మేడం గురించి చెప్పాలి.

కోరుట్లలో నేను డిగ్రీ చదివిన చిన్న కాలేజీలో ఆమె మాకు బోటనీ చెప్పేవారు. సొంతూరు జగిత్యాల. పొట్టి మనిషి, లావు కళ్లద్దాలు, ఎండ ఉన్నా లేకున్నా చేతిలో నల్ల గొడుగు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేదు. ఉద్యోగం కోసం కోరుట్లలో ఒక టైలరు దుకాణం పైన రెండు గదులు అద్దెకు తీసుకుని ఉండేవారు. పొద్దున్నే ఉర్దూ పేపరు చదవడం, చదివాక దాన్ని మడిచి కాలేజీకి తెచ్చి మొక్కలు అదమడానికి వాడడం ఆమె అలవాటు. అందుకే మా ల్యాబులో ప్రతి మొక్కా ఉర్దూ వార్తల మధ్యే ఎండేది. నాకు ఉర్దూ ఒక్క ముక్క రాదు గాని, ఎండుటాకుల వాసన వస్తే ఇప్పటికీ ఆ అక్షరాలే కళ్ల ముందు కదులుతాయి.

ఆమె దగ్గర మాకు పడిన మొదటి దెబ్బ ప్రాక్టికల్ పరీక్షలో. బల్లల మీద అట్టలు వరసగా పెడతారు. అట్ట మీద ఎండిన మొక్క అతికించి ఉంటుంది, అది ఏ కుటుంబానికి చెందినదో మేం రాయాలి. ఈ విద్యలో మా సీనియర్లు మాకొక దగ్గరి దారి చూపించి పోయారు. టీ మరక ఉన్న అట్ట మందార కుటుంబం, మూల చిరిగింది తులసి కుటుంబం, చెదలు కొరికింది ఉమ్మెత్త కుటుంబం. ఏళ్ల తరబడి అవే అట్టలు కాబట్టి ఏ బ్యాచీ ఫెయిలైంది లేదు. మేమూ ఆ ధీమాతోనే వెళ్లాం. మొక్కల వంక కన్నెత్తి చూడకుండా మరకలు చూసుకుంటూ, ఊదిపారేశామనుకుని బయటికి వచ్చాం. అంతకుముందు రోజే మేడం పాత మొక్కలన్నీ ఊడదీసి అవే అట్టల మీద కొత్త మొక్కలు అతికించారని మాకేం తెలుసు? క్లాసు క్లాసంతా పప్పులో కాలేసింది.

మర్నాడు తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డాం. తిడతారనుకుంటే ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకునేంతగా నవ్వారు.

"అరే, మీరు మొక్కను చూసిండ్రా, మరకను చూసిండ్రా?"

వెనక బెంచీ శ్రీకాంత్ మెల్లగా అన్నాడు. "మొక్క సరిగ కనబడది మేడం. మరకైతే మస్తు క్లియర్‌గ ఉంటది."

ఆ రోజు నుంచి మా ల్యాబులో ఒక కట్టుబాటు మొదలైంది. మొక్క చేతికిచ్చాక ఎవరూ దాని పేరు ముందు చెప్పకూడదు. కాండం, ఆకు, పువ్వు, కాయ అన్నీ చూసి, చూసింది చూసినట్టు పైకి చెప్పి, దాని కుటుంబమేదో తేల్చి, అప్పుడు పేరు. ఎవరైనా తొందరపడి పేరు అనేస్తే, అది సరైన పేరే అయినా సరే, మళ్లీ మొదటి నుంచి చూడాల్సిందే. మాకు ప్రాణం విసిగిపోయేది. "తెలిసినప్పుడు చెప్తే ఏమైతది మేడం?" అని నేనొకసారి ఎదురు కూడా మాట్లాడాను.

"కొత్త మనిషి ఊర్లెకు వస్తే మీ పెద్దోళ్లు ఏమడుగుతరు బేటా? పేరా, ఇంటిపేరా?"

"ఇంటిపేరే అడుగుతరు మేడం. ఎవరోళ్లు అని."

"చూసినవా మరి! మా దాంట్ల ఇంటిపేర్ల గొడవ లేదు, మీ దాంట్ల ఉన్నది, చెట్ల దాంట్ల గూడ ఉన్నది. ముందుగాల ఎవరోళ్లో తెల్సుకో. పేరు ఏడికి పోదు, ఆఖర్న అదే అస్తది."

వయోలెట్ కుటుంబం పాఠం వచ్చినప్పుడు మాకు ఆసక్తే లేదు. పుస్తకంలో బొమ్మ చూస్తే అదేదో మంచు కురిసే దేశాల పువ్వు. అది మన దగ్గర ఎందుకుంటుందిలే అనుకున్నాం. అప్పుడు మేడం బీరువాలోంచి ప్రాణంలా దాచుకున్న ఒక అట్ట తీశారు. తాను చదువుకునే రోజుల్లో, వానలు విడవకుండా కురిసే పడమటి కనుమల అడవులకు వెళ్లినప్పుడు తెచ్చుకున్న కొమ్మ అట. రినోరియా అంటారు దాన్ని. ఆకులు మామిడాకులంత ఉన్నాయి. పెద్ద చెట్ల నీడలో మనిషికి రెండింతల ఎత్తు పెరుగుతుందని చెప్పారు. దాని పక్కనే కథలాపూర్ మెట్ట చెలకల్లోంచి తెచ్చిన జానెడు మొక్క పెట్టారు. సన్నని ఆకులు, ఊదారంగు పువ్వు. పువ్వులో నాలుగు రేకులు కనబడీ కనబడనట్టుంటే, ఐదోది మాత్రం నాలుక చాపినట్టు ముందుకు వచ్చి ఉంది. అదే రత్నపురుష.

"ఈ రెండూ ఒక్క ఇంటోళ్లంటే నమ్ముతరా?"

ఎవరూ నమ్మలేదు. ఒకటి చెట్టు, ఒకటి కాలికింద గడ్డిలో కలిసిపోయేది. పువ్వులు కూడా కలవడం లేదు. అడవి మొక్కది చిన్న పువ్వు, దాని రేకులన్నీ ఇంచుమించు ఒక తీరుగానే ఉన్నాయి. మేం అడ్డంగా తలలూపాక ఆమె రెండు కాయలు అరచేతిలో పెట్టి చూపించారు. రెండూ మూడు పాయలుగా విచ్చుకుని ఉన్నాయి. రెండింటిలోనూ పాయలు పడవల్లా ఉన్నాయి, గింజలు వాటి నడిమి గీతను అంటుకుని ఉన్నాయి. అప్పటికి ఒప్పుకోక తప్పలేదు గాని, శ్రీకాంత్ ఊరుకునే రకం కాదు.

"ఆముదం కాయ గూడ మూడు పాయలే గద మేడం. మరి అది గూడ ఈళ్ల ఇంటిదేనా?"

మేడం ముఖం వెలిగిపోయింది. ఆమెకు కావలసిన ప్రశ్న అదే. మరుసటి రోజు సంచినిండా ఆముదం కాయలు తెచ్చి తలా ఒకటి కోయించారు. ఆముదం కాయను అడ్డంగా కోస్తే లోపల గోడలుంటాయి, మూడు అర్రలు, అంటే గదులు, అర్రకొక గింజ. రత్నపురుష కాయను అడ్డంగా కోస్తే గోడల్లేవు. ఉన్నది ఒక్కటే అర్ర, గింజలు చుట్టూ పక్కలకు అంటుకుని ఉంటాయి. పైనుంచి చూస్తే రెండూ మూడే.

"మూడు అర్రలా, ఒక్క అర్రకు మూడు తలుపులా? లోపటికి పోయి చూడకుంట బయట నిలబడి చెప్పొద్దు" అన్నారు మేడం. "ఆముదమోళ్ల ఇంట్ల మంచోళ్లున్నరు, ప్రాణాల మీదికి తెచ్చెటోళ్లూ ఉన్నరు. ఆళ్లల్ల శానామందికి కొమ్మ విరిస్తే పాలు కారుతయి. జర జాగ్రత్త."

నేను నోట్సులో రాసుకుని, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకుని, హాయిగా మర్చిపోయాను. చదువైపోయింది, టీచరు ఉద్యోగం వచ్చింది, సిరిసిల్లలో సాంచాలు నడిపించే ఇంటికి కోడలినయ్యాను. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. వాటి మోత మధ్య పుట్టి పెరిగినవాడు కాబట్టి మా ఆయన సతీశ్ రహస్యం చెప్పినా నాలుగిళ్లకు వినిపిస్తుంది. మేడం రిటైరై కోరుట్లలోనే ఉండిపోయారు. రంజాన్‌కు నేను ఫోన్ చేసేదాన్ని, దసరాకు ఆమె చేసేవారు.

మా పాప మేఘనకు నాలుగేళ్లు నడుస్తున్నప్పుడు, కార్తీక మాసంలో మా అమ్మగారింటి వాళ్లం కథలాపూర్ అవతల అడవి అంచున వనభోజనాలు పెట్టుకున్నాం. మగవాళ్లు రాళ్ల పొయ్యి మీద బగార అన్నం వండుతుంటే పిల్లలు కొంచెం దూరంలో తమ వంట తాము మొదలుపెట్టారు. కొబ్బరి చిప్పల్లో మట్టి, ఆకులు, గింజలు. వడ్డిద్దామని పిలవబోతే మేఘన బుగ్గలు ఆడుతున్నాయి. నోట్లో వేలు పెట్టి తీశాను. సగం నమిలిన గింజలు. చిప్పలో ఇంకా ఉన్నాయి.

"బగార తిన్న అమ్మా" అంది నవ్వుతూ.

మా అవ్వ పరుగెత్తుకొచ్చి చిప్పలోకి చూసింది. ఎవరూ అడగకముందే మా మేనత్త గుండె బాదుకుంది. "అయ్యో, గవి అడవాముదం జాతి గింజలు గావచ్చు బిడ్డా! మా ఊర్ల పోరగాండ్లు తిని వాంతులు, విరేచనాలతోని దవాఖాన పాలైండ్రు!"

నేను బోటనీ చదివినదాన్నే, పిల్లలకు పాఠాలు చెప్పేదాన్నే. ఆ క్షణంలో తోటకూర తెచ్చి చూపించినా గుర్తుపట్టేదాన్ని కాదు. పిల్లలు గింజలు దూసిన చోట ఎండి వాలిన మొక్కలున్నాయి. పువ్వు లేదు, ఆకులు సగం రాలిపోయాయి, గుండ్రటి చిన్న కాయలు మాత్రం ఉన్నాయి. రెండు మొక్కలు వేళ్లతో సహా పీకి, చిప్పను కొంగులో కట్టుకుని, పాపనెత్తుకుని ఆటో ఎక్కాను. సతీశ్ పక్కన కూర్చున్నాడు. ఆటో కోరుట్ల వైపు కదిలాక నేను చేసిన మొదటి పని మేడంకు ఫోన్ చేయడం. సతీశ్ ఫోన్ పట్టుకుని స్పీకరు పెట్టాడు.

"మేడం, కథలాపూర్ కాడ మేఘన ఏవో గింజలు తిన్నది, అడవాముదమేమో అంటున్నరు. మొక్క ఫోటో పంపుత, జల్ది పేరు చెప్పుండ్రి."

"దవాఖానకే పోతున్నవా?"

"ఆ, ఆటోల ఉన్నం."

"ఆటో ఎక్కడ ఆపకుండ్రి. పాప ఎట్లున్నది?"

"మంచిగనే ఉన్నది. మాట్లాడుతున్నది."

"సరే. ఫోటో ఒద్దు, పేరు ఒద్దు. మొక్క చేతిల ఉన్నది గద? పచ్చి కొమ్మ చూసి విరువు. పాలు కారుతున్నయా?"

నాకు ఒళ్లు మండిపోయింది. బిడ్డ ప్రాణం మీదికి వస్తే ఈమెకు పరీక్షలు కావలసి వచ్చాయా అనుకున్నాను. అయినా ఆ గొంతులో ఏముందో, చేతులు చెప్పినట్టు విన్నాయి.

"లేవు మేడం, పాలు లేవు."

"ఇప్పుడు విచ్చని కాయ ఒకటి తీస్కొని గోరుతోని అడ్డంగ కొయ్యి."

"చేతులు వణుకుతున్నయి మేడం."

"వణకనీ. వణుక్కుంటనే కొయ్యి."

ఇంతలో సతీశ్ నా ఒళ్లో ఉన్న మొక్కకేసి వంగి, విచ్చిన కాయ చూసి అరిచాడు. "మూడున్నయి మేడం! మూడు!"

ఫోన్‌లో కుర్చీ జరిగిన చప్పుడైంది. ఆ వెంటే ఆమె గొంతు వచ్చింది, అంతే నిదానంగా. "సతీశ్‌ను చెప్పొద్దను. నువ్వు చూసి చెప్పు స్రవంతీ. మూడు అర్రలా, మూడు తలుపులా?"

ఎన్నడో మర్చిపోయానని అనుకున్న మాట అది. దాంతో నా చూపు కాయ మీద నిలిచింది. ఆటో కుదుపుల్లో మొదటి కాయ నలిగిపోయింది. రెండోది తెగింది. లోపల అడ్డుగోడలు లేవు. పక్కలకు అంటుకుని గింజలు, మధ్యలో ఖాళీ.

"ఒకటే అర్ర మేడం. గోడల్లేవు."

"ఇంకోటి కొయ్యి."

"ఇది గూడ గంతే. గింజలు పక్కలకు అంటుకొని ఉన్నయి. విచ్చినయి పడవల లెక్క ఉన్నయి."

"ఎవరోళ్లు?"

"వయోలెట్ ఇంటోళ్లు" అన్నాను, ఏడుపూ మాటా కలిసిపోయి.

"దవాఖాన కాడ ఉంట. చిప్పల గింజలు పారెయ్యకు" అని ఫోన్ పెట్టేశారు. పేరు అప్పటికీ చెప్పలేదు.

మేం దిగేసరికి ఆమె గేటు దగ్గర నిలబడి ఉన్నారు, చేతిలో గొడుగు లేదు, భూతద్దం ఉంది. లోపల డాక్టరు పాపను చూస్తున్నంతసేపు ఆమె బయట బల్ల మీద తన రుమాలు పరిచి, చిప్పలోని గింజలన్నీ దాని మీద పోసి, ఒక్కొక్కటే భూతద్దం కింద పెట్టి మొక్క మీది గింజలతో పోల్చారు. పిల్లలు పది చోట్ల గింజలు ఏరి ఉండొచ్చు, అందులో వేరే జాతివి కలిసి ఉండొచ్చు. అది నాకు తట్టనే లేదు. ఆఖరి గింజ కూడా చూసి రుమాలు మూటకట్టి లోపలికి వెళ్లారు.

"డాక్టర్ సాబ్, ఇది రత్నపురుష. చిప్పల ఉన్నయన్ని గవే, వేరేటివి ఒక్కటి గూడ లేవు. ఆముదం జాతి కాదు. నాకు తెల్సి దీంతోని ప్రాణానికి భయం లేదు. అయినా మీరు చూసేది మీరు చూడుండ్రి."

ఆ కుర్ర డాక్టరు చేతులు జోడించినంత పని చేశాడు. "ఏం తిన్నదో తెలిస్తే మాకు సగం పనైనట్టే మేడం. సాయంత్రందాక ఇక్కడ్నే ఉంచుకుందం."

సాయంత్రమైంది. వాంతి లేదు, కడుపునొప్పి లేదు. మేఘన మంచం మీద లేచి కూర్చుని, "అవ్వోళ్లు బగార అన్నం మొత్తం తినేసిండ్రా?" అని అడిగింది. డాక్టరు నవ్వి, ఇక తీసుకుపోవచ్చన్నాడు. బతుకు జీవుడా అనుకుంటూ వరండాలోకి వచ్చాను. అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా వచ్చేసింది, గోడకానుకుని వెక్కివెక్కి ఏడ్చాను. మేడం నా వీపు మీద చేయి వేశారు.

"ఇప్పుడు ఏడువు బేటా. ఇప్పుడు ఏం ఫరక్ పడది."

తల వంచుకుని ఉన్నాను కాబట్టి ఆమె పాదాలు కనిపించాయి. ఒక కాలికి గోధుమరంగు చెప్పు, ఒక కాలికి నీలం రబ్బరు చెప్పు. ఫోన్‌లో ఒక్క మాటైనా తొట్రుపడని మనిషి, మెట్లు దిగేటప్పుడు ఏ కాలికి ఏది తొడుక్కున్నారో చూసుకోలేదు. నేను చూడడం గమనించి ఆమె కూడా కిందికి చూసుకున్నారు. ఇద్దరం ఒకేసారి పకపకా నవ్వాం. లోపలి నుంచి సతీశ్ ఏమైందేమైందని కేకలేస్తూ వచ్చాడు.

తర్వాత కొన్నాళ్లకు ఆమె జగిత్యాలలో తమ్ముడింటికి వెళ్లిపోయారు. మేఘనను తీసుకుని అక్కడికి వెళ్లినప్పుడు, ఆమె షీర్ ఖుర్మా పాయసం గిన్నెలు మా చేతికిచ్చాక, నా మనసులో ఉన్నది అడిగేశాను.

"మేడం, ఆ రోజు మీకు మొక్క ఏదో ముందే తెలిసిందా?"

"నువ్వు కథలాపూర్ అని, పాలు లేవనంగనే అనిపించింది, రత్నపురుషే అని. నోటిదాక వచ్చింది."

"మరి చెప్పొచ్చు గద. ఆటోల నా ప్రాణం పోయినంత పనైంది."

ఆమె మేఘన జడ సవరించసాగారు. "అది రత్నపురుషే కావాలెనని నాకు ఆశ ఉండె బేటా. ఆశ ఉన్నప్పుడు మనకు కావల్సిన పేరే ముందుగాల నోటికి అస్తది. పేరు అచ్చినంక కండ్లు చూసుడు బంద్ చేస్తయి. నేను గట్ల చెప్పి, నువ్వు డాక్టరుకు గట్లనే చెప్పి, అది కాకపోతే?" ఆమె చేయి జడ మీదే ఆగిపోయింది. "మీ ఆయన మూడు అన్నప్పుడు నేను కుర్చీల కెళ్లి లేచి గోడ పట్టుకున్న. ఎవ్వలికి చెప్పకు."

నేను ఆమె చేతులు పట్టుకుని, నా బిడ్డను మీరే నా చేతుల్లో పెట్టారని చెప్పాను. అలాంటి మాటలు ఆమెకు గిట్టవు. "నేనేం పెట్టలే. కాయ కోసింది నువ్వు" అని గిన్నెలో ఇంకో గరిటె పోశారు. ఆమె ఇప్పుడు లేరు. కబురు తెలిసిన రోజు ఎంత ఏడ్చానో అంత తృప్తి కూడా పడ్డాను, చెప్పవలసిన మాట ఆమె ఉండగానే చెప్పుకున్నందుకు.

ఆమె ఇచ్చిన అలవాటు నన్ను మొక్కల దగ్గరే ఆగనివ్వలేదు. నిరుడు సిరిసిల్ల నుంచి ఒక పిల్ల మా బడిలో చేరింది. ఏది అడిగినా అరిచినట్టు జవాబు చెప్పేది. వారం తిరక్కుండానే స్టాఫ్ రూమ్‌లో దానికి పొగరుబోతు అని పేరు పెట్టేశారు. నాకూ ఆ పేరు నోటిదాకా వచ్చింది, కానీ ఆగాను. మీ ఇంట్లో ఏం పని చేస్తారని అడిగితే, "సాంచాలు టీచర్!" అని గది అదిరేలా చెప్పింది. నాకు నవ్వాగలేదు. మా ఇంట్లో అలాంటి మనిషి ఒకరున్నారు కదా. ఇప్పుడు బడిలో ప్రార్థన చెప్పించేది ఆ పిల్లే, మైకు కూడా అక్కర్లేదు.

టిక్‌మన్న ఆ కాయను కాగితంలో పొట్లం కట్టి ఈ సాయంత్రం ఇంటికి తెచ్చాను. మేఘన ఇప్పుడు ఐదో తరగతి. చిన్నప్పుడు తాను తిన్న బగార ఇదేనని దానికి తెలియదు, చెబుదామనే తెచ్చాను. నేను వచ్చేసరికి అది గడప మీద కూర్చుని ఉంది, బడి నుంచి వస్తూ దారిలో కోసుకొచ్చిన ఏదో పచ్చి కాయను బ్లేడుతో అడ్డంగా కోస్తోంది. దూరం నుంచే నేను దాన్ని గుర్తుపట్టాను. పేరు చెప్పబోయి నోరు తెరిచానో లేదో, అది తల ఎత్తకుండానే చేయి అడ్డం పెట్టింది.

"ఆగు అమ్మా, పేరు చెప్పకు. నేనింకా లోపట చూడలే."